భారతదేశపు వార్షిక ఉష్ణోగ్రత: కళ్యాణదుర్గమునుండి ఒక విమర్శ

రోహిణి కార్తెలో రోళ్లు పగులునని సామెత. అనంతపురము జిల్లా కళ్యాణదుర్గము ప్రాంతమువారికి దీనిని వివరింపనక్కరలేదు. వేసవిలో అక్కడ తెల్లవారుజామునకును, మధ్యాహ్నము మూడు గంటలకును నడుమ పది పండ్రెండు డిగ్రీల తేడా సామాన్యము. అట్టి ఊరిలో నల్లబల్లమీద "1901 నుండి 2018 వరకు భారతదేశపు సగటు ఉష్ణోగ్రత సుమారు 0.7 సెల్సియస్ డిగ్రీ పెరిగినది" అని వ్రాసినచో పిల్లలు నవ్వుకొనుట సహజమే. ఒక్క పూటలో పండ్రెండు డిగ్రీలు ఓర్చుకొనువారికి, నూటపదునెనిమిది సంవత్సరములలో ముప్పాతికకూడ నిండని పెరుగుదల ఒక లెక్కయా?

ఈ నవ్వునకు జవాబు చెప్పకుండ పాఠము సాగరాదు. ఆ సంఖ్య కేంద్ర భూవిజ్ఞాన మంత్రిత్వశాఖ పక్షమున 2020లో వెలువడిన శీతోష్ణస్థితి గ్రంథములోనిది. సంఖ్యలో దోషము లేదు. అయితే దేశమంతటికిని కట్టిన ఒక్క సగటును తెచ్చి, దానినే ప్రతి ఊరి కథగా చెప్పు అలవాటు మాత్రము విమర్శింపదగినది.

ఆ సగటు ఎట్లు పుట్టినదో ముందు చూడవలెను. పరిశీలన కేంద్రములో ఉష్ణమాపకములను ఎండ తగులకుండ, గాలి ఆడునట్లు, రెక్కల తలుపులుగల తెల్లని కొయ్యపెట్టెలో నేలకు సుమారు 1.2 మీటర్ల ఎత్తున ఉంచుదురు. దీనికి స్టీవెన్సన్ పెట్టె అని పేరు. దినపు గరిష్ఠ, కనిష్ఠ ఉష్ణోగ్రతలను కూడి రెండింట భాగించిన ఆ దినపు సగటు వచ్చును. 365 దినముల సగటులకు మరల సగటు కట్టిన వార్షిక సగటు అగును. ఎత్తున్న చోట చల్లదనము ఎక్కువ కనుక, వేరువేరు కేంద్రముల అంకెలను తిన్నగా కలుపరాదు; అట్లు కలిపినచో మెట్టమీది కేంద్రమొకటి మూతపడినంతనే దేశము వేడెక్కినట్లు కనబడును. అందుచేత ప్రతి కేంద్రపు విలువను దాని స్వంత దీర్ఘకాలపు సగటుతో పోల్చి, ఆ తేడాలనే కలుపుదురు.

ఇక పిల్లల నవ్వు సంగతి. ఉదయమునకు మధ్యాహ్నమునకు గల తేడా ప్రతిదినమును వచ్చి పోవునది. సగటులో అది మిగులదు. వార్షిక సగటు 0.7 డిగ్రీ పెరుగవలెనన్న ఏడాదిలోని 365 దినములును తలకు 0.7 చొప్పున పెరిగియుండవలెను. లేదా 265 దినములు మునుపటివలెనే ఉండి, తక్కిన 100 దినములు రెండున్నర డిగ్రీలకు మించి పెరిగియుండవలెను. కూడి చూచినచో రెండును ఒక్కటే. కాని ఆ నూరు దినములును పైరు పూతకు వచ్చిన దినములైనచో రైతునకు రెండును ఒక్కటి కావు. సగటు బలమును, దాని లోపమును ఈ చిన్న లెక్కలోనే ఉన్నవి: మార్పు జరిగినదని అది గట్టిగా చెప్పగలదు, ఎప్పుడు జరిగినదో చెప్పలేదు.

మనదేశములో ఈ విషయముపై జరిగిన పరిశోధనను వరుసగా చదివినచో, ఈ లోపమును శాస్త్రజ్ఞులే కొంచెము కొంచెముగా సవరించుకొని వచ్చినట్లు తెలియును. 1954లో ప్రామాణిక్, జగన్నాథన్ అనువారు పలు కేంద్రముల ఉష్ణోగ్రతలను పరిశీలించి, దేశమంతట ఒకే తీరున పెరుగుదల గాని తగ్గుదల గాని కనబడలేదని తేల్చిరి. 1985లో హింగణే, రూపకుమార్, రమణమూర్తి 73 కేంద్రముల లెక్కలు తీసి, 1901–1982 నడుమ వార్షిక సగటు సుమారు 0.4 డిగ్రీ పెరిగినదని చూపిరి. ఈ వ్యాసమునకు తరువాతి పరిశోధనలన్నియు ఋణపడియున్నవి. కాని దానిని ఉదహరించినవారు ఎక్కువమంది ఆ 0.4 అను అంకెను మాత్రమే మోసికొనిపోయిరి.

అంతకంటె విలువైనది 1994 నాటి వ్యాసము. రూపకుమార్, కృష్ణకుమార్, పంత్ అను ముగ్గురు 121 కేంద్రములలో పగటి గరిష్ఠమును, రాత్రి కనిష్ఠమును విడదీసి చూచిరి. 1901–1987 నడుమ పెరుగుదల దాదాపు అంతయు పగటిదే. రాత్రి ఉష్ణోగ్రత పెరిగినట్లు కనబడలేదు. ఉత్తరార్ధగోళములోని పెక్కు దేశములలో పగటికంటె రాత్రి ఎక్కువ వేడెక్కినది కనుక ఇది వింతయైన ఫలితము. సగటు మాత్రమే చూచినవారికి ఈ వింత ఎన్నటికిని దొరకదు. ఇచట ఒక సందేహమునకు చోటున్నది. 20వ శతాబ్దపు తొలి దశకములలో మనదేశములో ఉష్ణమాపకములను గడ్డికప్పు పాకలలో ఉంచెడివారు. స్టీవెన్సన్ పెట్టెలు తరువాత వచ్చినవి. రాత్రి వేడి విడుచు తీరు గడ్డికప్పు క్రింద ఒకటి, కొయ్యపెట్టెలో మరియొకటి. కనిష్ఠ ఉష్ణోగ్రతనుగూర్చి మాటలాడునపుడు ఈ సంగతి మరువరాదు.

2005లో కొఠావలే, రూపకుమార్ వ్రాసిన వ్యాసము తరగతిలో బోధించుటకు మిక్కిలి తగినది. 1901–2003 నడుమ పెరుగుదల దశకమునకు 0.05 డిగ్రీ, 1971–2003 నడుమ దశకమునకు 0.22 డిగ్రీ. విద్యార్థులచేత గుణింపజేసినచో మొత్తము 103 ఏండ్లకు సుమారు అర డిగ్రీయు, చివరి 33 ఏండ్లకే 0.7 డిగ్రీయు వచ్చును. మొత్తముకంటె అందలి భాగము పెద్దదెట్లయినది? శతాబ్దమంతయు ఉష్ణోగ్రత ఒకే తీరున ఎక్కలేదు; నడుమ కొంతకాలము నిలిచినది, కొంత దిగినది. వంకర దారిమీద ఒక్క సరళరేఖ గీసినందున ఈ చిక్కు కలిగినది. ఆ వ్యాసమే మరి రెండు సంగతులు తెలిపినది. 1971 తరువాత రాత్రులును పగళ్లతో సమానముగా వేడెక్కినవి. అంతకుముందు అంతగా మారని వర్షకాలపు ఉష్ణోగ్రతయు పెరుగజొచ్చినది. కళ్యాణదుర్గములో వేరుసెనగ, అనగా అక్కడివారి చెనిక్కాయ, నేలలో ఉండునది ఆ కాలముననే. 0.7 కంటె ఈ వాక్యము వారికి ముఖ్యము. పాఠములలో తరచు జారిపోవునది కూడ ఇదియే.

అంకెలను ఏ మొదలునుండి లెక్కించిరో చెప్పకపోవుట ఇంకొక దోషము. 1901నుండి చూడగా 2024 దేశములో అన్నిటికంటె వేడియైన సంవత్సరమని భారత వాతావరణ శాఖ ప్రకటించినది, సగటుకంటె 0.65 డిగ్రీ ఎక్కువ. 2018 వరకు 0.7, 2024లో 0.65 అని ప్రక్కప్రక్కన వ్రాసినచో దేశము చల్లబడినదని పిల్లవాడు అనుకొనును. 0.65ను కొలిచినది 1991–2020 సగటునుండి. అనగా అప్పటికే వేడెక్కిన మెట్టుపైనుండి. 0.7 శతాబ్దపు మొదటినుండి వచ్చిన పెరుగుదల. రెండింటిని ఒకే పట్టికలో వేయరాదు.

ఇక కళ్యాణదుర్గము నేల. పడమటి కనుమల వానచాటున ఉన్న ఈ జిల్లాలో ఏడాది వాన సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. ఒక గ్రాము నీరు ఆవిరియగుటకు సుమారు 580 కెలరీల వేడి కావలెను. తడినేలమీద పడిన ఎండలో పెద్దభాగము ఈ పనికే వ్యయమగును. ఎండిన నేలపై ఆ వేడి గాలికి చేరును. కాబట్టి వాన తప్పిన ఏడు వేడిగా ఉండుట వింత కాదు. అట్టి ఏటి సగటును చూపి, వేడిచేతనే పంట పోయినదనుట కారణమును ఫలితమును తారుమారు చేయుటయే. మరొకవైపున, వేడికి స్వంతముగ చేయు కీడును కలదు. 35 డిగ్రీల గాలి ఒక్క డిగ్రీ పెరిగినచో అది ఇముడ్చుకొనగల నీటి ఆవిరి సుమారు 6 శాతము పెరుగును. గాలిలోని తేమ అంతే ఉన్నచో, పైరునుండియు నేలనుండియు పీల్చుకొను నీరు ఆ మేరకు హెచ్చును. కాలువలు పారు గంగా మైదానములో నీటిపారుదలయే గాలిని కొంత చల్లబరచుచున్నది. బోరుబావులను, ఆకాశమును నమ్ముకొన్న మెట్టకు ఆ చలువ లేదు. దేశపు సగటులో ఈ రెండు నేలలును కలిసిపోయినవి.

వాతావరణ శాఖ వార్షిక నివేదికలలో గరిష్ఠ, కనిష్ఠములును, ఋతువులును వేరువేరుగా ఉండును. పాఠమునకు వచ్చునప్పటికి ఒక్క అంకె మిగులుచున్నది. ఉపాధ్యాయుడు ఆ విడి అంకెలనే తెచ్చి, వాటి ప్రక్కన ఆ ఏటి వానను వ్రాయింపవచ్చును. పాఠశాలలో గరిష్ఠ కనిష్ఠ ఉష్ణమాపకమును, ఒక వానకొలత పాత్రను ఉంచి, ప్రతి ఉదయము 8.30 గంటలకు చూచి పుస్తకములో ఎక్కించుట కష్టము కాదు. ఆ పుస్తకము నాలుగైదేండ్లలో శీతోష్ణస్థితి మార్పును రుజువు చేయలేదు. కాని వాన కురిసిన వారమునకును, ఎండిన వారమునకును గల తేడాను చూపగలదు. పెట్టెను సిమెంటు గచ్చుమీద గాని, గోడకు ఆనించి గాని ఉంచరాదు, మట్టినేలమీదనే నిలుపవలెను.