రెండు పేజీలూ పరాయివైతే

నాచారం పారిశ్రామికవాడ పక్క బస్తీలో సాయంత్రం పూట పిల్లలకు లెక్కలు చెబుతుంటాను. వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఒడిశా, బిహార్ కూలీల పిల్లలు. వాళ్ల సర్కారు బడి పుస్తకంలో ఒక పేజీ తెలుగు, పక్క పేజీ ఇంగ్లీషు. 2022-23లో ఇంగ్లీషు మీడియం తెచ్చినప్పుడు పిల్లలు తడబడకూడదని చేసిన ఏర్పాటది. తెలుగింటి పిల్లలకు మంచి ఆసరా. ఒడియా పిల్లకు మాత్రం రెండు పేజీలూ పరాయివే.

అలాంటి పిల్ల ఒకతె ఉంది, నాలుగో తరగతి. భాగహారం చెబితే తలూపేది, బోర్డు దగ్గరికి రమ్మంటే కదిలేది కాదు. మొద్దు అని తోటిపిల్లలు ముద్ర వేసేశారు. ఈమధ్య ఇక్కడి ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్‌గా చేసే ఒడియా యువకుడు ఆదివారాలు వచ్చి పాఠం చెబుతున్నారు. మొదటిరోజు ఆయన ఆ పిల్లను ఏ ఊరు, ఏ జిల్లా అని వాళ్ల భాషలోనే పలకరించారు. తర్వాత, 50 బిస్కెట్లు 12 మందికి పంచితే ఎన్నెన్ని వస్తాయని అడిగారు. బొటనవేలు మిగతా నాలుగు వేళ్ల కణుపుల మీద జరుపుకుంటూ నాలుగు చుట్లు తిప్పింది. తలా నాలుగు, ఇంకా రెండు మిగులుతాయంది. ఇప్పుడు నన్నూ సందేహాలు అడుగుతోంది, వచ్చీరాని తెలుగులో.

తమలాంటి మనిషి బోర్డు ముందు నిలబడితే పిల్లలకు గొంతు పెగులుతుంది. డీఎస్సీ రిజర్వేషన్ రోస్టర్ పుణ్యమా అని ఎస్సీ, ఎస్టీ, బీసీ ఇళ్ల నుంచి టీచర్లు సర్కారు బడికి వస్తున్నారు. రోస్టర్‌ను ఆడిపోసుకునేవాళ్లు ఇంటర్వెల్‌లో ఆ టీచర్ల చుట్టూ మూగే పిల్లల్ని ఒకసారి చూడాలి. అమెరికాలో టెనెసీ బడుల రికార్డులు తిరగేసిన ఆర్థికవేత్తలు కూడా ఇదే తేల్చారు: మూడో తరగతిలోపు ఒక్క నల్లజాతి టీచరైనా దొరికిన నల్లజాతి పిల్లలు కాలేజీలో చేరే అవకాశం 13 శాతం ఎక్కువ.

వలస కూలీ బిడ్డకు ఏ రోస్టర్‌లోనూ చోటు లేదు. వీలైనంతవరకు మాతృభాషలో బోధించాలని 2009 విద్యాహక్కు చట్టం చెప్పిందిగానీ, ఆ వీలు కల్పించే మనిషిని ఈ పిల్లల బడికి ఎవరూ పంపలేదు. ప్రభుత్వం పంపాలి. అంతవరకూ ఈ పిల్లల్ని అలా వదిలేయలేం.

ఉప్పల్, నాచారం, మల్లాపూర్ కంపెనీల్లో పనిచేసే ఒడియా, హిందీ, బెంగాలీ వచ్చిన చదువుకున్నవాళ్లు మీ పక్క ఇళ్లలోనే ఉన్నారు. వాళ్లతో మాట్లాడండి, దగ్గర్లోని బడి హెడ్మాస్టరు దగ్గరికి మీరే వెంటబెట్టుకుని వెళ్లండి. వారానికి ఒక గంట చాలు.