మాట లేని మన్నింపు

మన నాటకంలో క్షమించడానికి కనీసం ఒక పద్యం పడాలి. కొడుకుల్ని చంపిన అశ్వత్థామను విడిచిపెట్టమని ద్రౌపది అడిగే ఘట్టం తీసుకోండి. హరికథలోనైనా స్టేజీ మీదైనా ఆమె మనసు మనకి అందేది ఆమె నోటి మాటలోనే. నోరు కట్టేసి ఆ ఘట్టం ఆడమంటే ఎలా? మూకీల కాలంలో దర్శకులకి ఎదురైన చిక్కు ఇదే. ‘క్షమించాను’ అని టైటిల్ కార్డు వెయ్యొచ్చు. కార్డు చదువుతాం గానీ నమ్మం.

ఈ పుస్తకం పట్టుకున్న ముడి అది. రచయిత్రి నా శిష్యురాలు, వయసుకి మనవరాలంతటిది. నా మెప్పులో పక్షపాతం ఉందని ఎవరైనా అనుకుంటే కాదనను. అయినా రాతప్రతి చదివాక మొహమాటానికి రాయాల్సిన పని తప్పింది.

పుస్తకానికి గుండెకాయ ‘సన్‌రైజ్’ మీద రాసిన అధ్యాయం. జర్మనీ నుంచి అమెరికా వెళ్ళిన మూర్నావ్ 1927లో ఫాక్స్ కంపెనీకి తీసిన సినిమా అది. పట్నం మనిషి మోజులో పడ్డ పల్లెటూరి రైతు భార్యను పడవెక్కించి నీళ్ళలో ముంచేద్దామనుకుంటాడు. తను తేలడానికి ఒక జమ్ముకట్ట కూడా దాచుకుంటాడు. తీరా సమయానికి చేతులు రావు. ఒడ్డు చేరగానే ఆమె పారిపోయి ట్రాము ఎక్కుతుంది, వెనకాలే ఇతనూ ఎక్కుతాడు. మామూలు దర్శకుడైతే ఇక్కడే కాళ్ళ మీద పడేయించి, కళ్ళు తుడిపించి కథ నడిపేసేవాడు. మూర్నావ్ తొందరపడలేదు. హోటల్లో అతను కేకుల పళ్ళెం ఆమె ముందుకి జరుపుతాడు. ఆమె ఒక ముక్క తీసుకుంటుంది. మింగుడుపడదు, ఏడుపు ముంచుకొస్తుంది. ఈ పళ్ళెం దగ్గర రచయిత్రి పేజీలకి పేజీలు ఆగింది. ఆగాలి కూడా. మన ఇళ్ళల్లో మాత్రం అలక తీరిందో లేదో తేలేది ఎక్కడ? కంచం దగ్గరే కదా!

ఆ తర్వాత చర్చి. అక్కడ ఎవరిదో పెళ్ళి జరుగుతోంది. భార్యను కాచుకోవాలని పాదిరి పెళ్ళికొడుక్కి చెబుతుంటే, వింటున్న ఇతను కుప్పకూలిపోయి భార్య ఒడిలో తల పెడతాడు. ఆమె చెయ్యి అతని తల మీదికి వస్తుంది. క్షమించడమంటే తెర మీద కనిపించేది అంతే. బయటికి వస్తూ ఇద్దరూ కొత్త దంపతుల కోసం కాచుకున్న జనం మధ్య నుంచే నడిచిపోతారు. తొలి భాగంలో రైతుగా వేసిన జార్జ్ ఓబ్రియన్ అడుగు ఈడుస్తూ నడవడానికి అతని బూట్లలో బరువులు పెట్టించారట. ఆ నడకకీ చర్చి దాటాక అతని నడకకీ ఉన్న తేడాను ఈ అమ్మాయి పట్టిన తీరు ముచ్చటేసింది. భార్యగా వేసిన జానెట్ గేనర్‌కి తొలి ఆస్కార్లలో ఉత్తమ నటి బహుమతి తెచ్చిన మూడు సినిమాల్లో ఇదొకటి. చివర్న తుపానులో ఆమె ప్రాణం నిలిపేది అతను దాచుకున్న ఆ జమ్ముకట్టే.

చంపబోయినవాణ్ణి ఒక్క పూటలో క్షమించడమేమిటని నేటి ఆడపిల్లలు అడుగుతారు. అడగాలి. భూదేవంత ఓర్పు అని పొగిడి ఆడవాళ్ళ నెత్తిన బరువు మోపడం మనకీ అలవాటే. రచయిత్రి ఈ ప్రశ్నను దాటెయ్యకుండా డెన్మార్క్ దర్శకుడు డ్రయర్ 1925లో తీసిన ‘మాస్టర్ ఆఫ్ ది హౌస్’ దగ్గరికి తీసుకెళ్ళింది. ఇంటిల్లిపాదినీ సాధించే మొగుడికి, చిన్నప్పుడు అతన్ని పెంచిన ముసలి దాది బుద్ధి చెబుతుంది. భార్యను ఇల్లు దాటించి, ఇంటిచాకిరీ అంతా అతనితో చేయిస్తుంది. కొడుకుని మూలన నిలబెట్టి శిక్షించిన మనిషిని తనే మూలన నిలబెడుతుంది. ఆ తర్వాతే క్షమ. ఈ వరస నాకు నచ్చింది. డ్రయర్ ఆ ఇంటిని గ్యాసు, నీళ్ళు, కరెంటుతో సహా స్టూడియోలో కట్టించాడు. చాకిరీ ఎంతో చూపించాలంటే ఇల్లు నిజంగా ఉండాలి మరి.

స్వీడన్ చిత్రం ‘ది ఫాంటమ్ క్యారేజ్’ (1921) ఇంకా కటువు. సెల్మా లాగర్‌లోఫ్ నవలను షోస్ట్రోమ్ తెరకెక్కించి, తాగుబోతు డేవిడ్ హోమ్ వేషం తానే వేశాడు. సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సేవాసంస్థ సోదరి రాత్రంతా కూర్చుని అతని చిరిగిన కోటు కుట్టిపెడుతుంది. తెల్లారి లేచి ఆమె ఎదుటే ఆ కుట్లన్నీ పర్రున చింపేస్తాడు. ఆ కోటు వల్లే ఆమెకి క్షయ అంటుకుంటుంది. అయినా చావబోతూ అతన్నే పిలిపించమంటుంది. బొమ్మ మీద బొమ్మ పడే దెయ్యపు బండి ట్రిక్కు గురించి అందరూ రాశారు. కోటు గురించి ఇంత శ్రద్ధగా రాసినవాళ్ళు నాకు తగల్లేదు.

అమెరికా దర్శకుడు గ్రిఫిత్ తీసిన ‘వే డౌన్ ఈస్ట్’ (1920)కి ఇచ్చిన చోటు మాత్రం ఎక్కువ. అక్కడ ఆడపిల్లను మంచుతుపానులోకి గెంటేస్తారు, నది మీద మంచుపలకలు విరుగుతాయి, ఆపైన అంతా చకచకా సర్దుకుని పెళ్ళిళ్ళతో ముగుస్తుంది. చూడ్డానికి బ్రహ్మాండం, క్షమకి మాత్రం చోటు లేదు. ఆ పేజీలు జపాన్ దర్శకుడు ఓజుకి దక్కాల్సింది. ‘ఐ వాజ్ బార్న్, బట్...’ (1932)లో నాన్న తన యజమాని ముందు కోతివేషాలు వేశాడని తెలిసి పిల్లలు అన్నం మానేస్తారు. మర్నాడు పెరట్లో తండ్రి పక్కనే కూర్చుని అన్నం ముద్దలు తింటారు. పైగా జపాన్‌లో తెర పక్కన బెన్షీ అనే వ్యాఖ్యాత నిలబడి కథంతా మాట్లాడేవాడు. మూకీకి నోరు పూర్తిగా లేదనడం కుదరదు. రెండో కూర్పులో ఈ సంగతి తేల్చాలని అమ్మాయికి చెప్పాను.

మన మూకీల మీద అధ్యాయం చిన్నది. తప్పు ఆమెది కాదు. రఘుపతి ప్రకాష్ మద్రాసులో తీసిన ‘భీష్మ ప్రతిజ్ఞ’ (1921) ఇవాళ చూద్దామంటే లేదు. దేశంలో తీసిన మూకీల్లో నూటికి తొంభై పైనే పోయాయి. లేని సినిమాల్లో క్షమ ఎలా ఉండేదో ఊహించి రాయనందుకు ఆమెను ప్రత్యేకంగా అభినందిస్తున్నాను.

పాఠకులకి ఒక్క మనవి. మూడో అధ్యాయం తెరిచేముందు ‘సన్‌రైజ్’ చూడండి. గంటన్నర పడుతుంది, ఇంటర్నెట్‌లో దొరుకుతుంది. ఫోను పక్క గదిలో పెట్టి చూడండి.