సేనానులను ఓడించిన పేను: ఒక పుస్తకం, కొన్ని సందేహాలు

పోర్ట్ బ్లెయిర్‌లోని (2024 నుంచి శ్రీవిజయపురం) జంగ్లీఘాట్ చేపల రేవుకు వెళితే మీకు తెలుగు మాటలు వినిపిస్తాయి. ఉత్తరాంధ్ర తీరం నుంచి వెళ్లి స్థిరపడిన మత్స్యకార కుటుంబాలు అక్కడ చాలా ఉన్నాయి. ఆ ఊరి చరిత్ర అనగానే సెల్యులార్ జైలూ, 1942 మార్చి 23న దిగిన జపాన్ సైన్యమూ గుర్తుకొస్తాయి. కాని అక్కడ అంతకుముందే ఒక ఓటమి జరిగింది. 1789లో బ్రిటిష్ వారు అక్కడ నెలకొల్పిన మొదటి స్థావరాన్ని 1792లో ఉత్తర అండమాన్‌కు తరలించారు. రోగాలకూ మరణాలకూ తట్టుకోలేక 1796లో దాన్నీ వదిలేశారు. తుపాకి పేలలేదు, జ్వరమే గెలిచింది.

ఇలాంటి చరిత్ర తెలుసుకోగోరే విద్యార్థులకు తరచుగా సూచించే పుస్తకం హాన్స్ జిన్సర్ రాసిన 'ర్యాట్స్, లైస్ అండ్ హిస్టరీ' (1935). జిన్సర్ అమెరికా సూక్ష్మజీవ శాస్త్రవేత్త. 1915లో సెర్బియాలో టైఫస్ వ్యాపించినప్పుడు రెడ్‌క్రాస్ బృందంతో వెళ్లి ఆ రోగాన్ని కళ్లారా చూశాడు. అందుకే ఆయన మాటకు బరువుంది. అయితే కథానాయకుడైన టైఫస్ రంగం మీదికి రావడానికి పన్నెండు అధ్యాయాలు ఓపిక పట్టాలి!

టైఫస్‌ను టైఫాయిడ్‌తో పొరబడకండి. టైఫాయిడ్ కలుషితమైన నీరు, ఆహారం ద్వారా వస్తుంది. టైఫస్‌ను మోసేది చీరపేను. ఈ సంగతిని చార్లెస్ నికోల్ 1909లో రుజువు చేశాడు. చీరపేను బట్టల కుట్లలో గుడ్లు పెడుతుంది. దాని మలంలోని సూక్ష్మజీవులు, మనం గోక్కున్నప్పుడు, చర్మంలోకి చేరతాయి. నెలల తరబడి బట్టలు విప్పలేక, ఉతుక్కోలేక, చలికి ఒకరినొకరు ఆనుకుని పడుకునే సైనికుడికి ఆ పేను నుంచి తప్పించుకునే దారేది? యుద్ధాల ఫలితాన్ని సేనానులకన్నా రోగాలే ఎక్కువగా తేల్చాయన్న జిన్సర్ వాదన ఇక్కడ మనసుకు హత్తుకుంటుంది.

మరి లోపం ఎక్కడుంది? 1812లో రష్యా నుంచి వెనుదిరిగిన నెపోలియన్ సైన్యాన్నే తీసుకోండి. ఆ వినాశనంలో టైఫస్‌కు పెద్ద వాటా ఉందని చాలాకాలం నమ్మారు. విల్నియస్‌లో బయటపడిన సైనికుల సామూహిక సమాధిలోని దంతాల్లో 2006లో టైఫస్ ఆనవాళ్లు దొరికాయి కూడా. కాని 2025లో అదే చోటికి చెందిన 13 మంది దంతాల్లోని డీఎన్ఏను పరిశీలిస్తే టైఫస్ కనిపించలేదు. పారాటైఫాయిడ్, పేల ద్వారా వచ్చే తిరగబెట్టే జ్వరం కనిపించాయి. పదమూడు మందిని చూసి టైఫస్ లేనేలేదనలేం. ఒక్క రోగాన్నే నాయకుణ్ణి చేస్తే మిగతావి తెరవెనుకకు పోతాయని మాత్రం అనగలం.

రెండో లోపం మనవైపు నుంచి చూస్తేనే కనిపిస్తుంది. ఉన్ని కోటు విప్పని చలిదేశపు సైనికుడికి పేను శత్రువైతే, మన వేడి ప్రాంతాల సిపాయికి దోమ శత్రువు. మలేరియా పరాన్నజీవిని దోమ కడుపులో 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో గుర్తించిన రొనాల్డ్ రాస్ సైనిక వైద్యుడే. అండమాన్ మలేరియాపై ఎస్.ఆర్. క్రిస్టోఫర్స్ 1912లో ప్రచురించిన నివేదిక, ఆటుపోట్లతో ఉప్పునీరు చేరే మడుగుల్లో పెరిగే దోమకూ ఆ జ్వరానికీ ఉన్న సంబంధాన్ని చూపింది. టైఫస్ జీవితచరిత్రలో ఈ కథకు ప్రధాన స్థానం దొరకదు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, "మురికివాళ్లు కాబట్టి రోగాలొచ్చాయి" అనే తీర్పు మన నోటికి తేలిగ్గా వస్తుంది. సైనికుడు పేలను కోరి తెచ్చుకోలేదు. మడుగు పక్కన ఉన్నవాడు దోమలను పిలవలేదు. మారు బట్టలు, వేడినీళ్లు, పడుకునే చోటు ఎవరి చేతిలో ఉన్నాయో అడగాలి.

పుస్తకం దొరికితే తప్పక చదవండి. చదువుతూ నవ్వుకుంటారు కూడా. ప్రతి అధ్యాయం చివర ఒక్క ప్రశ్న వేసుకోండి: ఇదే సైన్యం జంగ్లీఘాట్‌లో దిగి ఉంటే, దాన్ని ఏ రోగం ఓడించేది?