పరిహాసమూ ప్రసాదమూ

పరిహాసం సాహిత్యానికి పుట్టుకతో వచ్చిన హక్కు. దేవుణ్ణి, గుడిని, గురువును చూచి నవ్విన కవి లేని భాష అరుదు. వేమనను నెత్తిన పెట్టుకొన్న తెలుగువారికి ఈ సంగతి వేరే చెప్పవలసిన పని లేదు. అయితే నవ్వులన్నీ ఒక్క జాతివి కావు. వస్తువును ఎరిగి నవ్వే నవ్వు ఒకటి. ఎరుగక నవ్వేది మరొకటి. ఎదుటివాడు నోరెత్తలేడని తెలిసి నవ్వేది ఇంకొకటి. ఈ భేదాన్ని పరిశీలించడానికి కథోలికుల దివ్యసత్ప్రసాద విశ్వాసంపై ఆంగ్ల సాహిత్యంలో వెలువడిన పరిహాసమూ, దానికి వచ్చిన సమాధానాలూ మిక్కిలి అనువైనవి.

ముందుగా ఆ విశ్వాసమేమిటో తెలియాలి. పూజలో గురువు అప్పంమీద, ద్రాక్షారసంమీద క్రీస్తు కడరాత్రి భోజనవేళ పలికిన మాటలను పలుకుతాడు. ఆ క్షణంనుండి అవి క్రీస్తు శరీరరక్తాలే అని కథోలికులు నమ్ముతారు. జ్ఞాపకచిహ్నాలు మాత్రమే అనరు. 1215లో నాలుగవ లేటరన్ సభ ఈ మార్పును 'ద్రవ్యాంతరీభావం' అని తెలుగు చేయదగిన లాటిన్ మాటతో పేర్కొన్నది. 1551లో ట్రెంట్ సభ దానిని మరల స్థిరపరచినది. పాలు పెరుగైనప్పుడు రూపమూ రుచీ మారుతాయి. ఇక్కడ రూపం, రుచి, వాసన, బరువు అన్నీ మునుపటివే, మారినది ద్రవ్యం. మార్పు కంటికి కనబడుతుందని ఈ సిద్ధాంతం ఏనాడూ చెప్పలేదు. పరిహాసకులు సామాన్యంగా మరచేది ఈ ఒక్క మాటనే.

ఈ నమ్మకాన్ని చూచి లోకం నవ్వడం కొత్త కాదు. యోహాను సువార్త ఆరవ అధ్యాయంలో ఈ మాట వినలేక శిష్యులే అనేకులు వెనుదిరిగిపోయినారు. క్రైస్తవులు శిశుమాంసం తింటారని రోమనులు చెప్పుకొన్న నీలివార్తను మినూసియుస్ ఫేలిక్స్ తన లాటిన్ సంవాదగ్రంథంలో నమోదు చేసినాడు. 13వ శతాబ్దిలో తోమా అక్వీనా అప్పం రూపురేఖలు అట్లాగే నిలిచి ఉండడానికి కారణాలు చెబుతూ, అవిశ్వాసులు ఎగతాళి చేయకుండుటకు అన్నదానిని కూడ ఒక కారణంగా చూపినాడు. అంటే ఆ పండితుడు పూర్వపక్షంతోపాటు పరిహాసాన్ని కూడ ముందుగానే లెక్కలోనికి తీసుకొన్నాడన్నమాట.

ఆంగ్లంలో ఈ పరిహాసానికి పరాకాష్ఠ జోనథన్ స్విఫ్ట్ 1704లో పేరు లేకుండ ప్రకటించిన 'ఎ టేల్ ఆఫ్ ఎ టబ్'. తండ్రి చనిపోతూ ముగ్గురు కొడుకులకు తలా ఒక చొక్కా ఇచ్చి, దానిని మార్చవద్దని వీలునామా వ్రాసినాడు. పీటర్ రోమాపురి సభకు, మార్టిన్ ఇంగ్లండు సభకు, జాక్ కాల్విన్ మార్గీయులకు ప్రతినిధులు. నాలుగవ ప్రకరణంలో పీటర్ తమ్ములను భోజనానికి కూర్చుండబెట్టి రొట్టెముక్కలు కోసి వడ్డిస్తాడు. ఇది శ్రేష్ఠమైన గొర్రెమాంసమంటాడు. తమ్ములు తెల్లబోయి, తమ కంటికీ నోటికీ ఇది రొట్టెగానే ఉన్నదంటారు. పీటర్ మండిపడి, ఒట్లు పెట్టి, శపించి వారి నోరు మూయిస్తాడు. కథనంలో ఒక్క మాట ఎక్కువ లేదు. వాడుక వచనానికి ఉన్న పదునంతా అక్కడ ఉన్నది.

ఈ ఘట్టం గురి తప్పినదెక్కడ, తగిలినదెక్కడ అన్నది వేరుచేసి చూడాలి. పీటర్ తమ్ముల ఇంద్రియాలనే తప్పుపడుతున్నాడు. వారికి కండ్లు లేవంటున్నాడు. కథోలిక శాస్త్రం ఆ మాట అనదు. ఇంద్రియాలు తమ విషయంలో మోసపోవడం లేదనీ, అవి గ్రహించే రంగు, రుచి, ఆకారం నిజంగానే అక్కడ ఉన్నవనీ అక్వీనా స్పష్టంగా చెప్పినాడు. కనుక స్విఫ్ట్ కొట్టినది తాను నిలబెట్టిన గడ్డిబొమ్మను. కాని పీటర్ కోపం మాత్రం గడ్డిబొమ్మ కోపం కాదు. 1555 మొదలు దాదాపు నాలుగేండ్లపాటు, మేరీ రాణి ఏలుబడిలో, ఈ సిద్ధాంతాన్ని ఒప్పుకొననివారిని ఇంగ్లండులో సజీవంగా కాల్చినారు. లాటిమర్, రిడ్లీ అట్లా చనిపోయినవారే. నమ్మకపోతే చంపుతామన్న అధికారాన్ని నవ్వడంలో స్విఫ్ట్ న్యాయం తప్పలేదు.

అయితే 1704 నాటికి కర్ర చేతులు మారినది. 1673 నాటి పరీక్షా శాసనం ప్రకారం ఇంగ్లండులో ప్రభుత్వోద్యోగం కోరినవాడు ఈ ద్రవ్యాంతరీభావం లేదని ప్రకటించాలి. 1678 శాసనం పార్లమెంటు సభ్యులచేత కథోలిక పూజ విగ్రహారాధన అనిపించింది. స్విఫ్ట్ గ్రంథం వెలువడిన 1704లోనే ఐర్లండులో కథోలికుల భూములనూ వారసత్వాన్నీ కుదించే శాసనం అమలులోకి వచ్చినది. వారికి పార్లమెంటు ద్వారం తెరచుకొనడానికి 1829 దాకా పట్టినది. ఉద్యోగం పోగొట్టుకొని, భూమి పోగొట్టుకొని కూర్చున్నవాని నమ్మకాన్ని, ఏలేవారి సభకు చెందిన గురువు ఒకడు నవ్వినాడు. ఆ నవ్వులో ప్రతిభ ఉన్నది. సాహసం ఉన్నదనడం కష్టం. బలవంతుణ్ణి నవ్వడానికి పుట్టిన కథ బలహీనుణ్ణి నవ్వడానికి ఉపయోగపడినది. వేమన తనవారి రాతిపూజను తనవారి నడుమ నిలిచి నవ్వినాడు. ఆ నవ్వుకూ దీనికీ దూరం చాల ఉన్నది.

స్విఫ్ట్‌కు ముందే ఈ పక్షాన సమాధానం చెప్పినవాడు జాన్ డ్రైడెన్. ఇంగ్లండు సభను సమర్థిస్తూ 1682లో కావ్యం వ్రాసిన ఈ ఆస్థానకవి, కొద్ది యేండ్లలో కథోలికుడై, 1687లో 'ది హైండ్ అండ్ ది పాంథర్' ప్రకటించినాడు. అందులో తెల్లని ఆడులేడి రోమాపురి సభ. మచ్చల చిరుత ఇంగ్లండు సభ. దేవుడు మనుష్యదేహంలో మరుగుపడి వచ్చినాడని నమ్మినవాడు, సత్ప్రసాదం దగ్గరికి వచ్చేసరికి ఇంద్రియాల సాక్ష్యం అడగడం ఏమి న్యాయమన్నది అతని వాదసారం. ఆ వాదం చిరుతకు తగులుతుంది. అవతారాన్నే నమ్మని నాస్తికునికి తగలదు. కావ్యం వెలువడిన యేడే మాంటెగ్యూ, ప్రయర్ అనే యువకులు దానికి వికటానుకరణ వ్రాసి లోకాన్ని నవ్వించినారు. రాజ్యం మారిన తరువాత డ్రైడెన్ ఆస్థానకవి పదవి పోయినది. మతం మాత్రం మార్చుకోలేదు. పదవికోసం మతం మారినాడన్న నిందకు అతని కావ్యంకంటె ఆ మౌనమే గట్టి జవాబు.

ఈ వివాదానికి మూలం ఒక వాక్యం: 'ఇది నా శరీరము.' 1529లో మార్బుర్గు నగరంలో లూథర్, జ్వింగ్లీ ఎదురెదురుగా కూర్చున్నప్పుడు లూథర్ ఈ వాక్యాన్ని లాటిన్‌లో సుద్దతో బల్లమీద వ్రాసినాడట. అందులోని 'అగును' అన్న క్రియను 'సూచిస్తుంది' అని చెప్పుకోవాలని జ్వింగ్లీ పట్టు. మన ఆలంకారికుల భాషలో ఇది తేటగా చెప్పవచ్చును. గంగలో గొల్లపల్లె అన్నప్పుడు ముఖ్యార్థానికి బాధ కలుగుతుంది గనుక గట్టు అనే అర్థాన్ని లక్షణచేత గ్రహిస్తాము. జ్వింగ్లీ ఇక్కడ లక్షణ చెప్పినాడు. కథోలికులు, తమ రీతిలో లూథరూ, ముఖ్యార్థబాధ లేదన్నారు. పలికినవాడు దేవుడైనప్పుడు బాధ ఎక్కడిదన్నారు. పరిహాసకుడు చేసేదల్లా ఆ ముఖ్యార్థబాధను పెద్దది చేసి చూపడం. కనుక పరిహాసం వాదం కాదు. వాదం మొదలు కావలసిన చోటు.

నిజమైన ఆక్షేపణ వేరే ఉన్నది. తెలుగువాడైన అన్నంభట్టు 'తర్కసంగ్రహం' చదివినవానికి అది వెంటనే స్ఫురిస్తుంది. గుణం ద్రవ్యంలో సమవాయ సంబంధంతో ఉంటుంది. ఆశ్రయం లేని గుణం నిలవదు. అప్పం ద్రవ్యం పోయిన తరువాత అప్పం తెలుపు, అప్పం రుచి దేనిని ఆశ్రయించి ఉన్నవి? ఈ ప్రశ్నను అక్వీనా తానే వేసుకొని, అవి దైవశక్తిచేత ఆశ్రయం లేకుండ నిలుస్తాయని చెప్పినాడు. తార్కికుడు దానిని ఒప్పుకొనకపోవచ్చును. అయినా ఈ ఆక్షేపణ పీటర్ రొట్టెముక్కకంటె ఎంత మర్యాదగలది! ఎదుటివాడు ఏమన్నాడో విని, అతని మాటలోనే చిక్కు చూపుతున్నది.

ఎరిగినవాని నవ్వుకు జేమ్స్ జాయిస్ ఉదాహరణ. 1922లో వచ్చిన 'యులిసిస్' మొదటి పుటలోనే మల్లిగన్ క్షౌరపు గిన్నె ఎత్తిపట్టి పూజలోని లాటిన్ మాటలు పలుకుతాడు. ఇది దూషణే. అయితే నవల ముందుకు సాగినకొద్దీ నవ్వు రంగు మారుతుంది. యూదుని కొడుకైన బ్లూమ్ ఒక చర్చిలో కూర్చుండి, స్త్రీలు సత్ప్రసాదం తీసుకొనడం చూస్తాడు. శవం తినడమేమిటని మొదట అతనికి వింత తోస్తుంది. వెంటనే, దీనివల్ల వీరందరూ ఒక కుటుంబం వారివలె అవుతున్నారు, ఒంటరితనం తగ్గుతున్నదన్న ఆలోచన కూడ వస్తుంది. కొడుకును పోగొట్టుకొని, ఊరిలో పరాయివాడుగా తిరిగే బ్లూమ్‌కు తోచవలసిన ఆలోచనే అది. 1916 నాటి 'పోర్ట్రెయిట్'లో స్టీఫెన్ తల్లి కోరినా సత్ప్రసాదం తీసుకోడు. నమ్మక కాదు, నమ్మక కూడ. నమ్మకుండా తీసుకొనడం అపచారమన్న భయం అతనిలో మిగిలి ఉన్నది. దినదినపు బ్రతుకు అనే రొట్టెను కళగా మార్చే పురోహితుడు కవి అని తలచిన రచయితకు ఈ విశ్వాసం ఎగతాళికి మాత్రమే పనికివచ్చినదని ఎట్లా అనగలము?

20వ శతాబ్దిలో వచ్చిన అతి క్లుప్తమైన సమాధానం అమెరికా కథారచయిత్రి ఫ్లానరీ ఓకానర్‌ది. న్యూయార్కులో ఒక విందులో, మతం విడిచిన రచయిత్రి మేరీ మెకార్తీ సత్ప్రసాదం ఒక ప్రతీక, మంచి ప్రతీకే అని మెచ్చుకొన్నది. ఆ రాత్రి అంతవరకు నోరు విప్పని ఓకానర్, గొంతు వణుకుతుండగా, అది ప్రతీక మాత్రమే అయితే తనకు అక్కరలేదని తెగేసి చెప్పినది. ఇంతకుమించి సమర్థన చేయలేకపోయినానని 1955లో ఒక లేఖలో ఆమె ఒప్పుకొన్నది. ఇక్కడ జరిగినది ఎగతాళి కాదు, ప్రశంస. విశ్వాసికి ఆ ప్రశంసే ఎగతాళికంటె ఎక్కువ గుచ్చుకొన్నది. సాహిత్యజ్ఞులు ఆలోచించవలసిన మాట ఇది. అన్నింటినీ ప్రతీకలుగా చదివే అలవాటులో, ఇతరులు సత్యమన్నదానిని అందమన్నంత మాత్రాన వారిని గౌరవించినట్లు అనుకొంటున్నాము.

ఓకానర్ నిజమైన సమాధానం 1955 సంపుటిలోని 'ఎ టెంపుల్ ఆఫ్ ది హోలీ ఘోస్ట్' కథ. కాన్వెంటులో చదివే ఇద్దరు పిల్లలు, దేహం పవిత్రాత్మకు ఆలయమన్న బోధను తలచుకొని పగలబడి నవ్వుతారు. వారికంటె చిన్నదైన పిల్ల ఆ నవ్వులో కలియదు. సంతలో ప్రదర్శనకు పెట్టిన, స్త్రీపురుష లక్షణాలు రెండూ గల ఒక మనిషి సంగతి విన్న తరువాత, గుడిలో సత్ప్రసాదాన్ని ఎత్తిచూపే వేళ ఆ పిల్లకు ఆ మనిషే జ్ఞప్తికి వస్తాడు. ఇంటికి మరలేటప్పుడు ఎర్రని సూర్యబింబం రక్తంలో తడిసిన అప్పంవలె అగపడుతుంది. ఎవరినీ గద్దించలేదు, ఒక్క వాదం లేదు. లోకం నవ్విన దేహానికీ, లోకం నవ్విన అప్పానికీ మధ్య ఒక దారి వేసి కథ ముగించినది.

ఇక అనువాదకుని మాట. తెలుగు కథోలికులు 'దివ్యసత్ప్రసాదం' అంటారు. ఇతర క్రైస్తవులలో 'ప్రభురాత్రి భోజనం' అన్న వాడుక ఉన్నది. రెండూ ఒకటేనని ఒకదానికి బదులు మరొకటి వాడితే మల్లిగన్ దూషణలో కారం పోతుంది, స్టీఫెన్ భయం అర్థం కాదు. ఆక్షేపణను సరిగా అనువదించాలన్నా ముందు విశ్వాసాన్ని సరిగా అనువదించాలి. విమర్శకుని ధర్మం కూడ అంతే. నమ్మమని అతణ్ణి ఎవరూ అడగరు. నవ్వవద్దని కూడ అనరు. నమ్మినవాడు ఏమి నమ్మినాడో అతడు ఒప్పుకొనేటట్లు చెప్పి, ఆ తరువాత నవ్వగలిగితే నవ్వమనే అడుగుతారు. అట్లా చెప్పిన తరువాత కూడ నిలిచే నవ్వు సాహిత్యంలో నిలుస్తుంది.