తొట్టిలో క్షారం ఎంత?

కోనసీమలోని బండారులంక నూలు చీరలో ఏ రంగు కనిపించాలన్నా, నూలు మగ్గం ఎక్కకముందే ఆ రంగును చిలపకు, అంటే నూలు కట్టకు, పట్టించాలి. రంగు వెలవకుండా ఉండాలంటే వ్యాట్ రంగులు వాడాలి. నీలిమందుదీ ఈ జాతే. 1901లో జర్మనీలో రెనె బోన్ తయారుచేసిన ఇండాంథ్రీన్ నీలం తర్వాత వీటి సంఖ్య బాగా పెరిగింది. వీటితో ఒక చిక్కుంది, ఇవి నీళ్లలో కరగవు. కాస్టిక్ సోడా, హైడ్రోస్ అనే రసాయనం కలిపిన తొట్టిలోనే రంగు రూపు మార్చుకుని కరిగి నూలులోకి దిగుతుంది. చిలపను తీసి గాలికి ఆరేస్తే మళ్లీ అసలు రంగు తేలి, పోగులోనే చిక్కుకుపోతుంది.

సోడా తగ్గిందంటే కరిగిన రంగు విరిగి తొట్టిలోనే నలకలు కడుతుంది, చిలప మచ్చలుగా దిగుతుంది. ఆ నూలు పడుగులో పడితే చారలు కనపడతాయి, నేతగాడి చెయ్యి ఎంత మంచిదైనా వాటిని దాచలేదు. సోడా ఎక్కువైతే చేతులు కాలతాయి, కడగడానికి నీళ్లు చాలవు. అందుకే అనుభవమున్నవాళ్లు వేళ్ల మధ్య నీళ్ల జారుడు చూస్తారు, పైన తేలే మెరుపు పొర చూస్తారు. నీలిమందు తొట్టి ఆకుపచ్చ కలిసిన పసుపులోకి తిరిగితే సిద్ధమైనట్టే. ఈ కొలతలను తక్కువ చేయలేం. క్షారం పని చేస్తోందా లేదా అన్నది ఇవి కచ్చితంగా చెబుతాయి. ఎంత ఉందో మాత్రం చెప్పవు.

కాస్టిక్ సోడా రాకముందు తెలుగు నేల మీద క్షారం బూడిదలోంచి వచ్చేది. చీరాల, పుట్టపాక తేలియా రుమాళ్లకు ఆముదపు కాయల తొక్కలు కాల్చి, ఆ బూడిద నానబెట్టిన నీటిని నూనెతో కలిపి నూలుకు రోజుల తరబడి పట్టించడం ఆచారం. బూడిద నీటిలో ముఖ్యంగా ఉండేది పొటాషియం కార్బొనేట్. ఈ పేరు కాస్త గుర్తుంచుకోవాలి.

ఇప్పటి కాస్టిక్ సోడా ఉప్పునీటి విద్యుద్విశ్లేషణలో పుడుతుంది. గోదావరి మీద కొవ్వూరులోనూ, సగ్గొండలోనూ ఆంధ్రా షుగర్స్ ఆ పనే చేస్తోంది. ఇక బండారులంక నుంచి యానాం–ఎదుర్లంక వంతెన దాటి వెళితే కాకినాడ. అక్కడ ఏఎం గ్రీన్ సంస్థ తలపెట్టిన గ్రీన్ అమ్మోనియా కర్మాగారానికి కావలసిన హైడ్రోజన్‌ను నీళ్లను విడగొట్టి తీయాలి. అందుకు ఎంచుకున్నవి క్షార ద్రావణంతో నడిచే ఎలక్ట్రోలైజర్లు. శుద్ధమైన నీటిలో కరెంటు సరిగా పారదు కనుక ఇలాంటి యంత్రాల్లో బరువులో 25 నుంచి 30 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ కలుపుతారు. ఈ మోతాదు తగ్గినా, మరీ పెరిగినా కరెంటు ఎదురీదాల్సిందే, బిల్లు పెరుగుతుంది.

ఇంత గాఢతలో పీహెచ్ కాగితం ఎందుకూ కొరగాదు. అయిదు శాతం క్షారానికీ ముప్పై శాతం క్షారానికీ అదే ముదురు రంగు చూపిస్తుంది. సాంద్రత చూసే హైడ్రోమీటరు త్వరగా ఒక అంచనా ఇస్తుంది కానీ, కరిగి ఉన్నది హైడ్రాక్సైడా కార్బొనేటా అన్నది దానికి పట్టదు. అసలు తీర్పు ఇంటర్మీడియట్ కెమిస్ట్రీ ప్రాక్టికల్స్‌లో పిల్లలు చేసే టైట్రేషన్‌దే.

చేసే పద్ధతి ఇదీ. అయిదు మి.లీ. ద్రావణాన్ని 250 మి.లీ.కి పలచన చేసి, అందులోంచి 25 మి.లీ. తీసుకుంటారు. రెండు చుక్కల ఫినాఫ్తలీన్ వేస్తే గులాబీ రంగు వస్తుంది. బ్యూరెట్‌లోంచి 0.1 నార్మాలిటీ హైడ్రోక్లోరిక్ ఆమ్లం వదులుతూ, ఆ గులాబీ పోయే చుక్క దగ్గర ఆపాలి. తర్వాత మిథైల్ ఆరెంజ్ వేసి, పసుపు నారింజలోకి మారేదాకా మళ్లీ ఆమ్లం. మొదటిసారి 33 మి.లీ., రెండోసారి ఇంకో 1 మి.లీ. పట్టిందనుకుందాం. ఫినాఫ్తలీన్ దగ్గర హైడ్రాక్సైడ్ మొత్తం, కార్బొనేట్‌లో సగం తీరిపోతాయి. మిగిలిన సగం మిథైల్ ఆరెంజ్ దగ్గర తీరుతుంది. కాబట్టి కార్బొనేట్ వాటా 2 మి.లీ., హైడ్రాక్సైడ్ వాటా 32 మి.లీ. లెక్క కడితే మూల ద్రావణం లీటరుకు సుమారు 359 గ్రాముల పొటాషియం హైడ్రాక్సైడ్. ఇంకా కచ్చితంగా కావాలంటే ముందే బేరియం క్లోరైడ్ వేసి కార్బొనేట్‌ను తెల్లటి మడ్డిగా దింపేసి, ఫినాఫ్తలీన్‌తో హైడ్రాక్సైడ్ ఒక్కటే కొలుస్తారు.

ఆ కార్బొనేట్ ఎక్కడిదంటారా? గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను క్షారం ఊరికే తాగేస్తుంది. అంటే మూత సరిగా లేని ఎలక్ట్రోలైజర్ ద్రావణం మెల్లగా ఆముదపు బూడిద నీటిగా మారుతోందన్న మాట! నేతగాడికి అది పనికొచ్చే సరుకే, యంత్రానికి మాత్రం కరెంటు దారిలో అడ్డు. అందుకే నమూనాను గాజు సీసాలో కాక ప్లాస్టిక్ సీసాలో నిండా పట్టి మూత బిగిస్తారు. గాజును గాఢ క్షారం కొరికేస్తుంది. కళ్లద్దాలు, చేతి తొడుగులు లేకుండా పిపెట్ ముట్టకూడదు.

ఈ పద్ధతి అద్దకం గదిలోనూ చెల్లుతుంది, ఒక షరతు మీద. రంగు కలిసిన తొట్టిలో ఫినాఫ్తలీన్ గులాబీ కనపడదు, హైడ్రోస్ కూడా లెక్కను చెడగొడుతుంది. అందుకని సోడాను నీటిలో కరిగించాక, తొట్టిలో పోయకముందే కొలవాలి. కోనసీమ తేమలో తెరిచి ఉంచిన కాస్టిక్ రేకులు నీళ్లూ గాలీ తాగి బరువెక్కుతాయి. అదే కిలో వేసినా పోయిన నెల వచ్చిన ఛాయ ఈ నెల రాకపోవడానికి అది ఒక కారణం. ఒక బ్యూరెట్టు, రెండు సూచికలు ఉంటే తప్పు రంగుదో సోడాదో చిలప తడపకముందే తేలిపోతుంది.