చూరు కింద నిప్పు

టెక్కలి అవతల, సముద్రం వైపున్న మా ఊళ్లో నా చిన్నప్పుడు సగం చుట్టిళ్లే. గుండ్రటి మట్టిగోడ, దానిమీద గొడుగులా దిగిన తాటాకు కప్పు. నడుం వంచితే తప్ప చూరు దాటి లోపలికి పోలేం. తుఫాను గాలికి ఆ ఇల్లు భలే నిలబడేది. రోహిణి కార్తెలో నిప్పురవ్వ ఎగిరిందా, ఇక అంతే. ఒక చూరు పక్క చూరుకి ఆనుకుని ఉండేది మరి.

ఒక మిట్టమధ్యాహ్నం తూర్పు వీధి అంటుకుంది. ఫైరింజను వచ్చేసరికే రెండిళ్లు బూడిద, మూడోది మండుతోంది. దిగిన ఫైర్‌మన్లలో ఇద్దరు, ఇంకా అంటుకోని నాలుగో ఇంటి కప్పుని కొక్కేలతో పీకడం మొదలెట్టారు. ఆ ఇంటావిడ గుండెలు బాదుకుంటూ వాళ్లమీద పడింది. "కాల్తున్నది ఒగ్గేసి నా కొంప పీకుతారేట్రా!" సాయంత్రానికి ఆవిడ గోడలు మిగిలాయి. ఐదో ఇంటికి సెగ కూడా తగల్లేదు.

కిందటి ఏప్రిల్‌లో అగ్నిమాపక వారోత్సవాలప్పుడు విజయనగరం వైపు ఒక ఫైర్ స్టేషన్‌కి వెళ్లి ఈ కథ చెబితే, అక్కడి లీడింగ్ ఫైర్‌మన్ నవ్వాడు.   

"పూరిల్లయితే బయట్నుంచే పని సార్. శ్లాబిల్లయితే లోనికెల్లాల," అన్నాడాయన. అసలు కష్టం అక్కడే ఉంది. తాటాకు కప్పు కాలి పడిపోతే పొగ ఆకాశంలోకి పోతుంది. శ్లాబు కింద అదెక్కడికీ పోదు. పైనుంచి పేరుకుంటూ కిందికి దిగుతుంది. అందుకే కొత్తవాళ్లకి ముందు పాకడం నేర్పుతారు, నేలకి దగ్గర్లోనే కాస్త గాలి మిగులుతుంది గనక. ఒక చెయ్యి గోడమీంచి తియ్యకూడదు. తీస్తే తిరిగొచ్చే దారి పోయినట్టే. మూసిన తలుపుని అరచేత్తో ముట్టుకోరు, చెయ్యి తిరగేసి వేళ్ల వెనక భాగం ఆనించి చూస్తారు. కాలితే కాలనీ, అరచెయ్యి బాగుంటే పైపు పట్టుకోవచ్చు. నీళ్లు కూడా ఇష్టమొచ్చినట్టు కొట్టకూడదట. ఒక లీటరు ఆవిరైతే దాదాపు 1700 లీటర్ల చోటు ఆక్రమిస్తుంది. మూసిన గదిలో ఆ ఆవిరికి ఉడికేది లోపలికి వెళ్లినవాడే.

నన్నూ ఒక హోసు విసరమన్నారు. పదిహేను మీటర్ల చుట్ట. ఒక కుర్రాడు విసిరితే చాప పరిచినట్టు తిన్నగా పరుచుకుపోయింది. నాది మూడు మీటర్లు దొర్లి పక్కకి పడుకుంది. నీళ్లు నిండాక ఆ ఒక్క పైపులోనే సుమారు 47 కిలోల నీరుంటుంది. దాన్ని మెట్లమీదికి ఈడ్చుకెళ్లాలి, పొగలో.

మొన్న ఊరెళ్లాను. నాలుగో ఇంటావిడది ఇప్పుడు శ్లాబిల్లే. కిటికీలకి ఇనప గ్రిల్లులు, ముందువైపు ఒక్కటే గుమ్మం. వెనక గుమ్మం ఏమయిందని అడిగాను.

"దొంగలొస్తారని గోడ కట్టించేసినాం బావూ," అంది.