ఒకే తిరగవాత, రెండు వాసనలు

ఖైతాన్‌లో ఆదివారం సెలవు కాదు, వారం మొదలయ్యే రోజు. 2007 నుంచి కువైట్‌లో శుక్ర, శనివారాలే సెలవులు. ఆ ఆదివారం సాయంత్రం ఏడింటికి మా వదిన డ్యూటీ నుంచి వచ్చి, చేతులు కడుక్కుని, బట్టలైనా మార్చుకోకుండా చేసిన మొదటి పని కందిపప్పు కడిగి నానబెట్టడం. పిల్లలిద్దరూ హోంవర్కు ముందేసుకుని కూర్చున్నారు. ఎనిమిదింటికల్లా కంచాల్లో అన్నం, పప్పు, చారు. ఆ గంటసేపూ నేను వంటింటి గడప దగ్గరే నిలబడ్డాను. పప్పూ చారూ పుట్టినప్పటి నుంచి తింటున్నా, వాటి వెనక ఇంత పనితనం ఉందని చూసింది ఆ రోజే.

వదినది రాజంపేట వైపు. పప్పుగుత్తి ఊరి నుంచి తెచ్చుకుంది. ఆకు మాత్రం ఇక్కడిదే. అరబ్బులు బర్బీర్ అనేది మన గంగవాయిలి కూరే. అంగడిలో మొదటిసారి చూసినప్పుడు కాడ గిల్లి నోట్లో వేసుకుందట, ఆ పులుపు తగలగానే పోల్చుకుందట.

బట్టలు మార్చుకుని వచ్చాక పప్పును కుక్కరుకెక్కించింది. పప్పుకు మామూలుగా పోసే నీళ్లకు రెట్టింపు పోసింది. చిటికెడు పసుపు, పొంగకుండా అర చెంచా నూనె. పైన ఇంకో గిన్నెలో బియ్యం. ఊళ్లో బోరునీళ్లతో ఐదు కూతలకు గానీ మెత్తబడని పప్పు ఇక్కడ మూడింటికే వెన్నలా అవుతుందని చెప్పింది. కువైట్‌లో మంచినీళ్లు చాలావరకు సముద్రపు నీటి నుంచి ఉప్పు తీసినవే. బోరునీళ్లలో ఉండే సున్నం పప్పును బిరుసెక్కిస్తుంది, ఈ నీళ్లలో అది తక్కువ. పుస్తకం చూడకుండానే వదిన కూతల లెక్క మార్చుకుంది.

చింతపండు నానబెట్టడం చూసి ముచ్చటేసింది. ఎండాకాలం ఇక్కడ మిద్దె మీది ట్యాంకు కాగిపోయి కుళాయి నీళ్లు చేయి కాలేంత వేడిగా వస్తాయి. చిన్న గిన్నెలో మంచినీళ్లు పోసి చింతపండు వేసి, ఆ గిన్నెను కుళాయి నీళ్ల పళ్లెంలో నిలబెట్టింది. పొయ్యి అవసరం లేకుండానే చింతపండు మెత్తబడింది.

కుక్కరు దిగగానే పైన తేరిన కట్టు అంతా చారుకు వంచేసింది. రెట్టింపు నీళ్లు అందుకేనని అప్పుడు తెలిసింది. అడుగున మిగిలిన పప్పులో ఆకు వేసి మళ్లీ పొయ్యి మీద పెట్టింది. ఆకును ముందే కుక్కరులో వేస్తే పని తగ్గేది కదా అని అడిగాను. "పులుపు ముందే తగిల్తే పప్పు మొండికేస్తాది నాయనా" అంది. నిజమే. గింజను గట్టిగా పట్టి ఉంచే పెక్టిన్ పులుపులో సులువుగా కరగదు. ఆకులోనే పులుపుంది కాబట్టి పప్పులో చింతపండు నామమాత్రం, మిగతా పులుసంతా చారుకే. ఆకు మగ్గాక ఉప్పూ కారం వేసి గుత్తితో నాలుగు తిప్పులు ఎనిపింది. పూర్తిగా మెదపలేదు, అక్కడక్కడా బద్ద కనిపిస్తూనే ఉంది.

అసలు పనితనం తిరగవాతలో చూశాను. పెనం ఒకటే. నూనె కాగాక ఆవాలు వేసి, మూత పెట్టి, చెవి అటు వేసింది. చిటపటలు పలచబడిన క్షణంలో జీలకర్ర, ఎండుమిరప, కరివేపాకు, ఇంగువ. వెంటనే సగం చారులోకి. చారు అప్పుడే నురగ కట్టి అంచులకు లేస్తోంది. తెర్లనివ్వకుండా దింపేసింది, తెర్లితే వాసన ఆవిరైపోతుందని. పెనంలో మిగిలిన నూనెలో కచ్చాపచ్చాగా దంచిన వెల్లుల్లి పడింది. అంచులు ఎర్రబడే దాకా ఆగి, దాన్ని పప్పులోకి తిప్పింది. చారులో ఇంగువ, పప్పులో వెల్లుల్లి. ఒకే పెనంలో నుంచి రెండు వాసనలు లేచి వంటింట్లో వేరువేరుగా నిలబడ్డాయి.

దంచేటప్పుడు రెబ్బలు లెక్కపెట్టడం చూశాను, ఐదు. ఎందుకో అడగలేదు. వడ్డించేటప్పుడు పిల్లలకు చెరొకటి, నాకొకటి, తనకొకటి గరిటెతో వెతికి మరీ వేసింది. ఐదోది గిన్నె అంచుకు జరిపి మూత పెట్టింది. మా అన్న కంపెనీ బస్సు ఇంకా రాలేదు.